స్లాట్ కార్ ట్రాక్: మీ సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: ప్లాస్టిక్ ట్రాక్ గాడి వెంట కరెంటుతో నడిచే మా బొమ్మ కారు (స్లాట్ కార్) అక్కడక్కడా తడబడి ఆగిపోతోంది. వేలితో నెడితే మళ్లీ కదులుతుంది. గాడికి ఇరువైపులా కరెంటు అందించే లోహపు పట్టాలు మాత్రం మెరుస్తూనే ఉన్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: మెరుపును చూసి మోసపోకండి. తెల్లటి గుడ్డ వేలికి చుట్టి పట్టా మీద ఒక మీటరు పొడవున లాగండి. గుడ్డపై నల్లటి చార పడితే లోపం అదే. కారు అడుగున ఉండే బ్రెయిడ్ (పట్టా నుంచి కరెంటు అందుకునే లోహపు తీగల అల్లిక) పట్టాను రాసుకుంటూ పోతున్నప్పుడు సన్నటి నిప్పురవ్వలు లేస్తాయి. వాటి వల్ల పడే మసికి టైరు పొడి, యాక్సిల్ నుంచి చిందిన నూనె, గదిలోని దుమ్ము తోడై పొర కడుతుంది. ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది.

ముందు అడాప్టర్ ప్లగ్ తీసేయండి. పైనున్న దుమ్మును వాక్యూమ్‌తో లాగేసి, గాడిలోకి పట్టేంత పల్చటి ప్లాస్టిక్ కార్డుకు గుడ్డ చుట్టి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తుడవండి. వెంట్రుకలు, పీచులు ఎక్కువగా దాక్కునేది అక్కడే. తర్వాత పోగులు రాలని గుడ్డపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పది చుక్కలు వేసి పట్టాలు తుడవండి. ద్రవం గుడ్డమీదే పడాలి. ట్రాక్ మీద పోస్తే మురికితో సహా అతుకుల్లోకి దిగుతుంది. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి, లేదంటే ఇక్కడి మసిని అక్కడ పూసినట్టే. కిటికీలు తెరిచి పదిహేను నిమిషాలు ఆరనిచ్చాకే కరెంటు ఇవ్వండి, ఆల్కహాల్ ఆవిరికి నిప్పు త్వరగా అంటుకుంటుంది. థిన్నర్, అసిటోన్ జోలికి అసలు వెళ్లొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

అదే గుడ్డతో బ్రెయిడ్‌నూ తుడవండి. కొసలు చిట్లి కుడి ఎడమ బ్రెయిడ్‌లు ఒకదానికొకటి తగులుతుంటే షార్ట్ అవుతుంది. కత్తిరించి సరిచేయండి, మరీ పలచబడితే కొత్తవి వేయండి.

ప్రశ్న: స్టీల్ పీచుతో రుద్దితే పని త్వరగా అవుతుంది కదా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. రాలిన పోగు రెండు పట్టాల మధ్య పడితే షార్ట్. మిగతావాటిని కారు కింది అయస్కాంతం లాక్కుంటుంది, అవి చివరికి మోటారులోకి చేరతాయి. అంతకంటే పెద్ద నష్టం పట్టా మీది పూత పోవడం. పూత పోయిన ఉక్కుకు తేమ తగిలితే చాలు, తుప్పు పడుతుంది.

ఇప్పటికే తుప్పు పట్టి ఉంటే ముందు గట్టి ఎరేజర్‌తో రుద్ది చూడండి. పోకపోతే 1000 నంబరు ఉప్పు కాగితంతో మచ్చ ఉన్నంత మేరే, పట్టా పొడవునా తేలిగ్గా రుద్దండి. పొడి అంతా తీసేశాక ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ గుడ్డకు అద్ది తడమండి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. నూనె మిగిలితే టైరు జారుతుంది. గుంటలు పడిన ముక్కను మార్చేయడమే మేలు.

ప్రశ్న: పవర్ బేస్ (అడాప్టర్ తగిలించే ట్రాక్ ముక్క) నుంచి దూరమయ్యేకొద్దీ కారు నెమ్మదిస్తోంది. అన్నీ తుడిచాం.

జవాబు: అయితే అనుమానించాల్సింది అతుకులనే. ఖాళీ ట్రాక్‌పై మల్టీమీటర్ పెడితే అంతటా దాదాపు ఒకే వోల్టేజీ కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. దూరపు చివరన ఒకరు కారు వెనక చక్రాలను కాస్త పైకెత్తి పట్టుకుని చేతి కంట్రోలర్ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి ఉంచాలి. ఇంకొకరు అదే లేన్‌లో, ఒకే పట్టాపై ప్రతి అతుకుకూ అటొక ప్రోబ్, ఇటొక ప్రోబ్ ఆనించి మిల్లీవోల్టులు చూడాలి. రెండో పట్టానూ అలాగే పరీక్షించాలి. మిగతావాటికంటే బాగా ఎక్కువ చూపే అతుకే దొంగ. కరెంటు ఆపి ఆ ముక్క విప్పి, రేకు నాలుకను నోస్ ప్లయర్‌తో కొద్దిగా నొక్కి బిగువు తెప్పించండి. గట్టిగా వంచితే విరుగుతుంది.

పెద్ద ట్రాక్‌కు ఇది చాలదు. బేస్ నుంచి దూరపు ముక్కకు అడుగు నుంచి వేరే వైర్లు సోల్డర్ చేయండి. ఏ పట్టా వైరు ఆ పట్టాకే వెళ్లాలి, తారుమారైతే షార్టే.

ప్రశ్న: శుభ్రం చేశాక కూడా మలుపుల్లో కారు జారుతోంది.

జవాబు: టైర్లు చూడండి. ప్యాకింగ్ టేపును జిగురు వైపు పైకి పెట్టి, వెనక చక్రాలను దాని మీద దొర్లించండి. టేపుకు దుమ్ము అంటడం ఆగేదాకా చోటు మారుస్తూ దొర్లించాలి. ఒకే ట్రాక్‌పై సిలికాన్ టైర్లు, రబ్బరు టైర్లు కలిపి నడపకండి. రబ్బరు వదిలిన పొర మీద సిలికాన్ పట్టు కోల్పోతుంది.