రెండో అంతస్తుకు నోటీసు వచ్చింది, ఎఫ్‌డీ తీయాలా, బంగారం పెట్టాలా?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు, వేదాయపాళెం. 20 అంకణాల స్థలంలో 2016లో కింద ఒకటి, పైన ఒకటి వేసుకోవడానికి ప్లాన్ అప్రూవల్ తీసుకుని, బ్యాంకు లోనుతో ఇల్లు కట్టుకున్నాం. 2021లో అనుమతి లేకుండానే రెండో అంతస్తు వేసి నెలకు 7,000కు అద్దెకిచ్చాం. దానికి పక్కవైపు బాల్కనీ రెండడుగులు బయటికి లాగాం. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే నాలుగు రోజుల కిందట కార్పొరేషన్ నుంచి నోటీసు వచ్చింది. మా ఆయన ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటు, జీతం 42,000. ఇంటి లోను ఇంకా 9 లక్షలుంది. ఖర్చులు, ఈఎంఐ పోను, అద్దె కాక నెలకు 5,000 మిగులుతుంది. రెండు రెండున్నరేళ్లలో పాప పెళ్లి చేయాలని 6 లక్షలు రెండేళ్లకు ఎఫ్‌డీ వేశాం, ఇంకో 8 నెలల్లో చేతికొస్తుంది. 15 సవర్ల బంగారం ఉంది. తెలిసినాయన ఒకరు 2 లక్షలిస్తే ఫైలు మూయిస్తానంటున్నాడు. మా మరిది కోర్టుకెళ్లి స్టే తెద్దామంటాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదు. డబ్బు ఎక్కడి నుంచి తీయమంటారు?

జవాబు: అమ్మా, ఈ వారం ఎక్కడి నుంచీ తీయొద్దు. ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు, బీరువాలో బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. ఎంత కట్టాలో, ఎవరికి కట్టాలో, అసలు కడితే పని జరుగుతుందో లేదో మీకింకా తెలియదు. ఆ మూడూ తెలియకుండా అప్పు చేస్తే చేతిలో డబ్బుంది కదా అని అది ఎటో ఒకటు వెళ్లిపోతుంది. నోటీసు అందిన రోజే నగలు తాకట్టు పెట్టి, ఆ డబ్బు ఎవరి చేతిలో పెట్టాలో తర్వాత వెతుక్కున్నవాళ్లను నేను చూశాను.

ముందు నోటీసును నిదానంగా చదవండి. కార్పొరేషన్ పరిధిలో ఇలాంటివి మామూలుగా మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోని 452 సెక్షన్ కింద వస్తాయి. అది సంజాయిషీ అడిగే నోటీసా, కూల్చివేత ఉత్తర్వా అన్నది చూడాలి. నాలుగు రోజుల కిందట మొదటిసారి వచ్చిందంటే సంజాయిషీ నోటీసే అయ్యుంటుంది. రేపే జేసీబీ వస్తుందని భయపడకండి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసివ్వాలి, యజమాని మాట వినాలి, ఉత్తర్వు ఇచ్చాక కూడా మరో 15 రోజులు ఆగాలి. రోడ్డు మీదో, కాలవ గట్టు మీదో కట్టినవాటికి మాత్రం ఈ రక్షణ లేదు. మీది సొంత స్థలం. కాబట్టి గడువులోపు మీ ఆయన సంతకంతో జవాబివ్వండి. కట్టలేదని బుకాయించొద్దు. ఎప్పుడు కట్టారో, ఎంత కట్టారో ఉన్నదున్నట్టు రాసి, క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసుకుంటున్నామని, అందుకు సమయం కావాలని కోరండి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. ఆ ముద్ర పడిన కాగితం మీకు రేపు చాలా అవసరమవుతుంది.

రెండో పని కొలతలు. లైసెన్సున్న ప్లాన్ ఇంజనీరును, అంటే ఎల్‌టీపీని, ఇంటికి పిలిచి అప్రూవ్డ్ ప్లాన్ పక్కన పెట్టి ఉన్న ఇంటిని కొలిపించండి. మన నెల్లూరులో దస్తావేజు అంకణాల్లో ఉంటుంది, ప్లాన్ చదరపు మీటర్లలో ఉంటుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. మన లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. మీ 20 అంకణాలు 160 గజాలు, సుమారు 134 చదరపు మీటర్లు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. అటువైపు బంధువులెవరైనా లెక్క చెబితే ఆ అంకెలు పట్టుకోవద్దు. స్థలం మీద ఉన్న కొలత దస్తావేజుతో కలుస్తుందో లేదో కూడా ఇప్పుడే చూడమనండి. ఈ కొలతలకయ్యే కొన్ని వేలు మాత్రం వెనకాడకుండా పెట్టండి. ఈ వ్యవహారం మొత్తంలో కళ్లు మూసుకుని పెట్టమని నేను చెప్పే ఖర్చు ఇదొక్కటే.

ఆ ఇంజనీరునే ఇంకో మాట అడగండి. పునాది, పిల్లర్లు ఒక అంతస్తు మీద లెక్కేసి వేసినవా, రెండోది మోయగలవా? 1967 మార్చిలో ఒంగోలు చుట్టుపక్కల భూకంపం వచ్చిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మనది తుపాన్లు తగిలే నేల కూడా. పై అంతస్తులో ఇంకొకరి పిల్లలు నిద్రపోతున్నారు. పునాది మోయలేదని తేలితే నా సలహా మారిపోతుంది: దాన్ని కాపాడుకోవడానికి రూపాయి పెట్టొద్దు, తీసేయండి.

మోయగలదని తేలితే అప్పుడు క్రమబద్ధీకరణ గురించి చూద్దాం. అనుమతి లేని, ప్లానుకు భిన్నంగా కట్టిన ఇళ్లకు జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాన్ని మన రాష్ట్రంలో బీపీఎస్ అంటున్నాం. 2015లో వచ్చింది, 2019లో వచ్చింది, మళ్లీ 2025లో వచ్చింది. 2019 నాటి పథకానికి 2018 ఆగస్టు 31 కటాఫ్, మీ రెండో అంతస్తు దానికి అందదు. 2025 పథకం 1985 జనవరి 1 నుంచి 2025 ఆగస్టు 31 మధ్య కట్టినవాటికి. అంటే తేదీ ప్రకారం మీ అంతస్తు ఇందులోకి వస్తుంది. అయితే ఇది ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు కాదు, దరఖాస్తుకు గడువుంటుంది. కాబట్టి మీ సచివాలయంలో వార్డు ప్లానింగ్ సెక్రటరీని, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగాన్ని ఈ వారమే కలిసి, ఈరోజుకు దరఖాస్తు తీసుకుంటున్నారా, ఆఖరి తేదీ ఏది అని అడగండి. 2021లోనే కట్టినట్టు చూపడానికి పై పోర్షన్ కరెంటు మీటరు ఎప్పుడిచ్చారో ఆ కాగితం, ఇంటి పన్ను రశీదులు, అప్పటి ఫోటోలు వెతికి పెట్టుకోండి.

ప్రభుత్వ స్థలం, చెరువు, కాలవ, రోడ్డు వెడల్పులో పోయే భాగం, లేఅవుటులో వదిలిన ఖాళీ స్థలం, యాజమాన్యం మీద కోర్టు కేసున్నవి, ఇలాంటివి బీపీఎస్‌లో తీసుకోరు. మీ ఉత్తరాన్ని బట్టి మీకు అవేవీ తగలవు. అయినా మీ రోడ్డును మాస్టర్ ప్లానులో వెడల్పు చేసేదుందేమో ఒక్కసారి అడిగి చూడండి.

బాల్కనీ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. కొట్టించేయండి. ముందు వైపు మినహా మిగతా వైపుల సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, 10 శాతం లోపు తేడా ఉంటే రుసుము కట్టించుకుని సర్దుబాటు చేసే వీలు బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. కానీ మీ 20 అంకణాల స్థలంలో పక్క ఖాళీయే కొన్ని అడుగులు. అందులో రెండడుగులంటే 10 శాతం ఎక్కడ, మీరు లాగింది ఎక్కడ? ఆ రెండడుగులను నిలబెట్టుకోవడానికి జరిమానా పెంచుకోవడం కన్నా మేస్త్రీకి కూలిచ్చి తీయించడం చాలా చవక. ఫిర్యాదు చేసిన పక్కింటివాళ్లకు కూడా మీరు దారికొస్తున్నారని కనబడుతుంది. మీ మేడ మీది వాననీళ్లు వాళ్ల గోడ మీద పడుతున్నాయేమో చూసి, పైపు ఇటు తిప్పించండి. నెల్లూరు, ఒంగోలులో నా దగ్గరికొచ్చే ఇలాంటి గొడవల్లో సగం బాల్కనీతోనో, వాననీళ్ల పైపుతోనో మొదలైనవే.

ఇప్పుడు 2 లక్షలాయన సంగతి. మా నాన్నగారు ఒంగోలులో సరిగ్గా ఇదే చేశారు. మేడ మీద అదనంగా రెండు గదులు వేశారు. నోటీసొస్తే ఇలాగే తెలిసినాయన ఒకరు వచ్చి, అంతా నేను చూసుకుంటానని 80,000 తీసుకెళ్లాడు. మా అమ్మ గాజులు పెట్టి తెచ్చిన డబ్బది. మూడేళ్లు ఎవరూ రాలేదు, పని అయిపోయిందనుకున్నాం. తర్వాత అవే గదులకు మళ్లీ నోటీసొచ్చింది. ఆయన ఫోను ఎత్తలేదు. చూపించడానికి మా దగ్గర చిన్న చీటీ కూడా లేదు. ఆఖరికి నిజమైన జరిమానా కట్టి క్రమబద్ధం చేయించుకున్నాం, ఆ 80,000 మాత్రం తిరిగి రాలేదు. అందుకే అడుగుతున్నానమ్మా, ఆయన మీకు చలానా ఇస్తాడా? క్రమబద్ధీకరణ ఉత్తర్వు మీ ఆయన పేరు మీద తెస్తాడా? ఇవ్వలేనప్పుడు ఆ 2 లక్షలు పోగొట్టుకున్నట్టే. పైగా లంచం ఇవ్వడం కూడా నేరమే, రేపు ఇబ్బందిలో పడేది మీ ఆయన. జరిమానా ఏదైనా ప్రభుత్వ ఖాతాకే వెళ్లాలి, రశీదు రావాలి.

మీ మరిది కూడా మంచికే చెబుతున్నాడు, కానీ స్టే అంటే అనుమతి కాదు. కేసు నడిచినన్నాళ్లు వకీలు ఫీజు నడుస్తుంది, అంతస్తు మాత్రం అనుమతి లేనిదిగానే ఉంటుంది. మీ జవాబు వినకుండా కూల్చడానికి వస్తే అప్పుడు కోర్టుకు వెళ్లాలి. ఆ రోజు వస్తే ఇందాక చెప్పిన ముద్ర వేసిన కాగితమే వకీలుకు మొదట కావాల్సింది.

జరిమానా ఎంతన్నది కట్టిన విస్తీర్ణం, అక్కడి రిజిస్ట్రేషన్ విలువ, ఎంత మేర ఉల్లంఘన ఉంది అన్నవాటి మీద తేలుతుంది. మీ ఇంజనీరు కొలతలతో లెక్క కట్టి ఇస్తాడు. మాట వరసకు ఇతర ఖర్చులతో కలిపి 3 లక్షలనుకుందాం.

పర్సనల్ లోను 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 10,250 కట్టాలి, వడ్డీకే 69,000 పోతుంది. వద్దు. బజార్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి బంగారం పెట్టడమంటే ఏడాదికి 24 శాతం, అది ఇంకా వద్దు. ఎఫ్‌డీ బద్దలు కొడితే చాలా బ్యాంకులు వడ్డీలో ఏడాదికి ఒక శాతం కోస్తాయి. మీ 6 లక్షల మీద గడిచిన 16 నెలలకు అది 8,000. దీనికన్నా మేలైన దారి, ఎఫ్‌డీని కదపకుండా దాని మీదే ఓవర్‌డ్రాఫ్టు, అంటే కావాల్సినంత వాడుకుని వాడినదానికే వడ్డీ కట్టే అప్పు, తీసుకోవడం. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒక శాతం అటూ ఇటుగా ఎక్కువ తీసుకుంటారు. మీ ఎఫ్‌డీ 7 శాతం, అప్పు 8 శాతం అనుకుంటే 3 లక్షలకు 8 నెలల వడ్డీ 16,000. అదే 3 లక్షల మీద ఎఫ్‌డీలో మీకు 14,000 వస్తుంది. నికరంగా మీ చేతి నుంచి పోయేది 2,000. అద్దె 7,000, మీ మిగులు 5,000 కలిపి నెలకు 12,000 ఆ ఖాతాలో వేస్తూ పోతే వడ్డీ ఇంకా తగ్గుతుంది.

8 నెలల తర్వాత ఎఫ్‌డీ సుమారు 6 లక్షల 89 వేలు అవుతుంది, అప్పటికి అప్పు 2 లక్షల 18 వేల దగ్గర ఉంటుంది. తీర్చేస్తే పాప పేరున 4 లక్షల 70 వేలు మిగులుతాయి. దాన్ని మళ్లీ ఎఫ్‌డీ వేసి, అదే 12,000ను ఆర్‌డీలో వేయండి. ఏడాదిన్నరలో ఖర్చైన 2 లక్షల చిల్లర తిరిగి నిలబడుతుంది, పెళ్లి నాటికి అందుతుంది. బంగారం ముట్టుకునే పనే ఉండదు. జరిమానా 5 లక్షలు దాటితే మాత్రం పైన పడ్డ తేడా వరకే, అదీ బ్యాంకులోనే, కొన్ని సవర్లు పెట్టండి. పదిహేనూ ఒకేసారి ఇవ్వొద్దు.

ఇంత పెట్టి ఆ అంతస్తును నిలబెట్టుకోవడం దండగ కాదా అని మీకు అనిపించొచ్చు. ఏడాదికి 84,000 అద్దె వస్తుంది. 3 లక్షలు నాలుగేళ్ల లోపే తిరిగొస్తాయి. వదిలేస్తే ఏమవుతుందో కూడా చూడండి. అనుమతి లేని అంతస్తుకు ఇంటి పన్ను మీద నూటికి నూరు శాతం అదనంగా జరిమానా వేసే నిబంధన మన మున్సిపల్ చట్టాల్లో ఉంది. అది ఏటా కడుతూ పోవాల్సిందే, కట్టినంత మాత్రాన అంతస్తు సక్రమం కాదు. రేపు ఇల్లు అమ్మాలన్నా, పెళ్లికి దీని మీద టాప్‌అప్ లోను అడగాలన్నా బ్యాంకు వాల్యుయరు ప్లాను చేత్తో పట్టుకునే లోపలికొస్తాడు. కట్టడం ప్లాను ప్రకారం పూర్తయిందని, అందులో ఉండొచ్చని ఇచ్చే కంప్లీషన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు చూశాకే భవనాల మీద అప్పులివ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు బ్యాంకులకు చెప్పింది. లోను రాని ఇంటిని రొక్కంతో కొనేవాడు తక్కువ ధరకే అడుగుతాడు.

క్రమబద్ధీకరణ ఉత్తర్వు చేతికొచ్చాక దాని నకలు ఒకటి మీ లోనున్న బ్యాంకుకూ ఇవ్వండి, ఒరిజినల్ దస్తావేజుతో పాటు ఉంచండి. అద్దెకున్నవాళ్లకు కూడా నోటీసు సంగతి మీరే చెప్పండి. వాళ్ల అడ్వాన్సు ఖర్చు పెట్టేసి ఉంటే ఆ మొత్తాన్ని ముందు పక్కన పెట్టండి, పునాది లెక్క ఎదురు తిరిగిన రోజు వాళ్లకు వెంటనే తిరిగివ్వాల్సి వస్తుంది. ఇంజనీరు ఇచ్చిన కొలతలు, జరిమానా అంచనా వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఓవర్‌డ్రాఫ్టు ఎంతకు పెట్టుకోవాలో అప్పుడు అసలు అంకెలతో లెక్క వేసి చెబుతాను.