ఆరో తరగతికి ఒడియా బడి: లెక్కల భయం గురించి

అక్కా, పర్లాకిమిడి తెలుగు బడిలో ఐదు పూర్తిచేసిన మీ బాబు, ఒడియా మీడియంలో ఆరో తరగతి అనగానే లెక్కలకు భయపడి ఏడుస్తున్నాడని రాశారు. వాడికి తెలివి లేక కాదు, అంకెలే వేరు. ఒడియా నాలుగు (୪) చూడ్డానికి కాస్త మన 8లా ఉంటుంది. మా పాప అలాగే పొరబడి, నోటుబుక్కు నిండా ఎర్ర ఇంకు గీతలతో ఇంటికొచ్చింది. నా కడుపు తరుక్కుపోయింది.

ముందు అంకెలు నేర్పండి. గోడ మీది ఒడియా క్యాలెండరులో రోజూ తేదీ చదివిస్తే చాలు. తర్వాత మిశాణ, ఫెడాణ, గుణన, హరణ: కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నమాట. ట్యూషన్‌కి తొందరేం లేదు. బడి తెరవకముందే ఒకసారి తీసుకెళ్లి చూపించండి. మంచినీళ్లు, బాత్రూమ్ ఎక్కడో తెలిస్తేనే పిల్లలకి సగం టెన్షన్ పోతుంది. ఇంట్లో తెలుగు చదివించడం మాత్రం ఆపకండి అక్కా.