షార్ట్ సేల్ ఇల్లు కొంటానంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన టెక్సస్ ఫ్రిస్కో ఇంటి ఫోటోలు చూశాను. బడికి దగ్గర, పెరడు విశాలం, పక్కింటికన్నా అరవై వేల డాలర్లు తక్కువ. మనసు లాగడం సహజమే. కానీ ‘షార్ట్ సేల్’ అంటే చకచకా ముగిసే అమ్మకం అనుకుని నెలాఖరుకు అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తానన్నావని మీ అమ్మ చెబితే నవ్వొచ్చింది. అంత నిదానంగా నడిచే అమ్మకాన్ని ఈ దేశంలో నేను చూడలేదు.

అందులో తగ్గేది రోజులు కాదు, బ్యాంకుకు ముట్టే డబ్బు. ఇంటి మీద అప్పు 6 లక్షల 80 వేలు ఉంది, బజారులో 6 లక్షల 20 వేలకు మించి పలకడం లేదు అనుకో. మిగతా 60 వేలు అందకపోయినా తాకట్టు విడిపించడానికి బ్యాంకు ఒప్పుకుంటేనే ఆ అమ్మకం జరుగుతుంది. కాబట్టి ఇంటాయన నీ ధరకు సంతకం పెట్టినా బేరం సగమే కుదిరినట్టు. ఆ దారీ మూసుకుపోయి బ్యాంకే ఇంటిని వేలానికి పెడితే అది ఫోర్‌క్లోజర్.

ఇదంతా నాకు ఎలా తెలుసో నీకు ఎప్పుడూ చెప్పలేదు. 2006లో కాలిఫోర్నియాలో, శాక్రమెంటో దగ్గర ఇల్లు కొన్నాను. ధరలో 80 శాతానికి ఒక అప్పు, మిగతా 20కి ఇంకో అప్పు, చేతి నుంచి పెట్టింది సున్నా. అప్పట్లో అలా ఇచ్చేవారు, మేమూ తీసుకున్నాం. 2009లో ఉద్యోగం పోయింది. ఇంటి ధర దాదాపు సగానికి పడిపోయింది. మూడు నెలల పాటు బ్యాంకు కవర్లను విప్పకుండా వంటింటి సొరుగులో దాచాను. మీ అత్తయ్యకూ చెప్పలేదు. దీపావళికి వచ్చిన చుట్టాలకు కొత్త సోఫా చూపించాను! ఇల్లు పోతుందన్న భయంకన్నా నలుగురికీ తెలుస్తుందన్న భయమే పెద్దది.

చివరికి ఆ కవర్లు విప్పింది మీ అత్తయ్యే. ఎందుకు కట్టలేకపోతున్నామో వివరిస్తూ ఉత్తరం, జీతం చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు, పన్ను పత్రాలు అన్నీ పంపాం. పంపినవి పాతబడ్డాయని మళ్లీ అడిగారు. ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు తన మనిషిని పంపింది. నాలుగు నెలలు ఎదురుచూసి మొదట కొంటామన్నవాళ్లు వెళ్లిపోయారు. రెండో కొనుగోలుదారు దొరికాక రెండో అప్పు ఇచ్చిన సంస్థ మొండికేసింది. తాకట్టు విడుస్తాం గానీ మిగిలిన బాకీ వసూలు చేసుకునే హక్కు మాకే ఉంటుందని అనుమతి పత్రంలో ఒక వాక్యం పెట్టింది. ఆ వాక్యం తీసేదాకా సంతకం పెట్టవద్దని వకీలు అన్నాడు. పెట్టలేదు. ఇంకో ఆరు వారాలు పట్టింది.

ఇప్పుడు నీ సంగతి. ఆ ఇంటి మీద ఎన్ని అప్పులున్నాయో, ఆస్తి పన్ను, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బకాయిలు ఎంతో ముందు అడుగు. అప్పు ఇచ్చిన ప్రతి సంస్థా ఒప్పుకోవాలి. అమ్మేవాడి పత్రాలు బ్యాంకుకు చేరాయా? ఆయన ఏజెంట్ ఇంతకుముందు ఎన్ని షార్ట్ సేల్‌లు పూర్తి చేశాడు? ఇదే మొదటిదంటే వేరే ఇల్లు చూసుకో. అసలు వేలం తేదీ పడిందేమో కనుక్కో. అమ్మకం కాగితాలు నడుస్తున్నంత మాత్రాన వేలం దానంతట అది ఆగదు. ఇన్‌స్పెక్షన్ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగానే ఇస్తారు. కట్టలేనివాడు ఏసీ బాగు చేయించి ఉండడు. వడ్డీ రేటు ఇప్పుడే లాక్ చేయించకు, బ్యాంకు జవాబు వచ్చేలోపు ఆ గడువు తీరిపోతుంది.

వేలం వైపు వెళ్లకు. టెక్సస్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం, ఉదయం పదికీ సాయంత్రం నాలుగుకూ మధ్య, కౌంటీలో అందుకు కేటాయించిన చోట ఫోర్‌క్లోజర్ వేలాలు జరుగుతాయి. కనీసం ఇరవై ఒక్క రోజుల ముందు వేలం నోటీసు వేయాలి, సాధారణంగా కోర్టు తీర్పు అక్కర్లేదు. న్యూజెర్సీలో అయితే కోర్టు దాటాలి, అక్కడ ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. వేలంలో ఇల్లు లోపల చూడనివ్వరు, డబ్బు అక్కడికక్కడే కట్టాలి, లోపలున్నవాళ్లను ఖాళీ చేయించుకునే తలనొప్పీ నీదే. అన్నిటికన్నా పెద్ద గొయ్యి ఇంకొకటుంది. వేలం వేయించింది రెండో అప్పు ఇచ్చిన సంస్థ అయితే మొదటి అప్పు ఆ ఇంటి మీద అలాగే ఉంటుంది. చవకగా కొన్నానని సంబరపడినవాడు ఆ తర్వాత తల పట్టుకుంటాడు. వేలంలో ఎవరూ కొనక బ్యాంకు చేతికే వచ్చిన ఇళ్లు మేలు. టైటిల్ ఇన్సూరెన్స్ (ఆస్తి హక్కుకు బీమా) తీసుకుని మామూలుగా కొనుక్కోవచ్చు.

ఉద్యోగం పోయిన నీ స్నేహితుడి ఇంటిని అతని బావమరిది పేర షార్ట్ సేల్‌లో కొనిపించి మళ్లీ అతనికే రాసిచ్చే ఆలోచన చెప్పావు. అది నోట కూడా రానివ్వకు. ఇరుపక్షాలకూ చుట్టరికం గానీ చాటు ఒప్పందం గానీ లేదని బ్యాంకు సంతకాలు తీసుకుంటుంది. అబద్ధపు సంతకం మోసం కేసు అవుతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి అసలే అది వద్దు.

ఉద్యోగం పోయాక అతనికి వీసా ఇచ్చే గడువు గరిష్ఠంగా అరవై రోజులు. ఇంటికి అంతకన్నా కాస్త ఎక్కువే వ్యవధి ఉంది. సాధారణంగా బకాయి 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదని కేంద్ర నిబంధన. ఆ వ్యవధిలోనే బ్యాంకుకు ఫోన్ చేయమను. హడ్ (కేంద్ర గృహనిర్మాణ శాఖ) ఆమోదించిన సలహాదారులు ఫోర్‌క్లోజర్ తప్పించుకునే దారులు ఉచితంగా చెబుతారు. ముందే ఫీజు అడిగేవాణ్ణీ, ఇల్లు నా పేర రాయి నేను కాపాడతాననేవాణ్ణీ గుమ్మం ఎక్కనివ్వొద్దు.

అతనికి షార్ట్ సేల్ కుదిరితే నేను వాదులాడిన వాక్యాన్నే ముందు వెతకమను. కాలిఫోర్నియాలో 2011 నుంచి షార్ట్ సేల్ తర్వాత మిగిలిన బాకీ కోసం అలా వెంటపడటం చట్టం కుదరనివ్వడం లేదు. టెక్సస్‌లో వేలం తర్వాత కూడా రెండేళ్లలోపు మిగులు బాకీకి దావా వేయవచ్చు. మాఫీ అయిన బాకీని పన్ను శాఖ సాధారణంగా ఆదాయంగా లెక్కిస్తుంది. సొంతింటి అప్పుకు 2007లో ఇచ్చిన మినహాయింపు గడువును పలుమార్లు పొడిగించారు. ఇప్పుడు వర్తిస్తుందో లేదో పన్నుల మనిషినే అడగాలి. మళ్లీ ఇల్లు కొనాలంటే ఇంటి అప్పులను బ్యాంకుల నుంచి కొనే ఫ్యానీ మే సంస్థ నిబంధన ప్రకారం షార్ట్ సేల్ తర్వాత సాధారణంగా నాలుగేళ్లు, ఫోర్‌క్లోజర్ తర్వాత ఏడేళ్లు ఆగాలి. నేను ఇర్వింగ్‌లో ఈ ఇల్లు కొన్నది అలా ఆగాకే.

శనివారం మధ్యాహ్నం భోజనానికి రా. ఏజెంట్ ఇచ్చిన కాగితాలు తీసుకురా. నీ స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకురా. అతను కవర్లు విప్పి ఉండడు, నాకు తెలుసు. అన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మను. మీ అత్తయ్య విప్పుతుంది.

మీ మామయ్య