పిల్లలను ఆడించడానికి చదువు దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ వద్దు, నర్సరీ టీచర్‌నవుతానని పట్టుబట్టింది. ఆరు నెలల ఆన్‌లైన్ మాంటిస్సోరి కోర్సు చేయిస్తే సరిపోతుందా? డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ విద్యలో డిప్లొమా), డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా)లలో ఏది మేలు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు అడిగింది కోర్సుల సంగతి. మనసులో ఉన్నది మాత్రం ‘ఇంజినీరింగ్ కాదని ఆయమ్మ పనికి పోయింది’ అని చుట్టాలు అంటారన్న బెంగ. ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి వేసవిలో వస్తాయి, దాదాపు అన్నీ తండ్రులవే. కాబట్టి ముందు ఆ పనేమిటో చూద్దాం.

బతుకమ్మ రోజుల్లో ఒక మంచి టీచర్ తంగేడు, గునుగు, బంతి పూలు కుప్పగా పోసి విడదీయమంటుంది. నాలుగేళ్ల పిల్లవాడు బంతిపూల పక్కన ఒక గునుగు పువ్వు పెడతాడు. మీరూ నేనూ అయితే వెంటనే తీసి సరైన చోట పెట్టేస్తాం. ఆమె వాడి పక్కనే నేల మీద కూర్చుని ‘ఇక్కడెందుకు పెట్టావు నాన్నా?’ అని అడుగుతుంది. ‘ఇది పొట్టిది’ అంటాడు. వాడు చూసింది రంగు కాదు, పొడవు. తప్పనుకున్నది తప్పే కాదు! వాడి లెక్కల చదువు అక్కడ మొదలైంది. ఆ ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడానికి ఎంత ఓపిక, ఎంత శిక్షణ కావాలో అడ్మిషన్ రోజునే ‘ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారు?’ అని నిలదీసే తల్లిదండ్రులకు తెలియదు. మీరూ అడిగే ఉంటారు.

ఆన్‌లైన్ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. మాంటిస్సోరి పేరు ఇప్పుడు ప్రతి వీధిలో బోర్డెక్కింది. 1907లో రోమ్‌లోని ఒక పేదల వాడలో ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి ప్రారంభించిన బాలల గృహానికి ప్రాణం పిల్లలను గమనించడమే. పరికరాలను చేత్తో పట్టకుండా, ఏడ్చే పిల్లవాడి పక్కన ఒక్క పూటైనా కూర్చోకుండా వీడియోలు చూస్తే చేతికొచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: నిజమైన తరగతి గదిలో ఎన్ని రోజులు ఉంచుతారు? జవాబు నసిగితే లేచి రండి.

ఇక పోలిక. రెండూ డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా చేరే రెండేళ్ల కోర్సులే. డీపీఎస్‌ఈ పూర్తిగా బడికి ముందరి వయసు పిల్లల కోసం. సర్కారు బడిలో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) ఉద్యోగం మీద ఆశ ఉంటే డీఈఎల్‌ఈడీ చేసి, ఆపైన టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాయాలి. తర్వాత బీఈడీ చేస్తే చాలనుకోకండి. ప్రాథమిక తరగతులకు అది చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న ప్రైవేటు బడుల్లో జీతాలు తక్కువే, దాచను. అయితే 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా లెక్కించింది. చదువుకుని వచ్చిన టీచర్ అవసరం పెరిగేదే గానీ తరిగేది కాదు. ఇష్టపడి వచ్చే అమ్మాయి గురించి నాకు భయం లేదు.

ఒక వారం ఆమెను మీ దగ్గరి అంగన్‌వాడీలోనో నర్సరీలోనో అనుమతి తీసుకుని కూర్చోనివ్వండి. ఈలోగా ఆమెకు చెప్పకుండా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే పని మాత్రం చేయకండి.