మాయా ప్రజల గురించి వీడియో చేస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది.

నువ్వు పంపిన వీడియో స్క్రిప్టు రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. నీ మాట బాగుంది, కథ నడిపిన తీరు బాగుంది. కానీ మొదటి పేజీలో పెట్టిన బొమ్మ దగ్గరే ఆగిపోయాను. మధ్యలో నాలుక చాపిన ముఖం, చుట్టూ వలయాలు వలయాలుగా గళ్ళు, కింద 'మాయా క్యాలెండర్' అని నీ రాత. అది దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా వైపు మాయా వాళ్ళది కాదమ్మా, మధ్య మెక్సికోను ఏలిన ఆజ్టెక్‌లది. 1790లో మెక్సికో నగరం నడిబొడ్డున తవ్వుతుంటే బయటపడింది. సుమారు 24 టన్నుల రాయి. ఇప్పుడు అక్కడి జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉంది. గ్వాటెమాలా అడవిలో ఉన్న మాయా నగరం టికాల్‌కీ, ఆ రాయి దొరికిన చోటికీ మధ్య వెయ్యి కిలోమీటర్లుంటుంది. పైగా టికాల్ ఖాళీ అయిపోయిన ఎన్నో వందల ఏళ్ళకు చెక్కిన రాయి అది.

ఈ తప్పు నేనూ చేశాను. మాయా క్యాలెండర్ అయిపోతోందంటూ 2012లో 'యుగాంతం' హడావిడి నడుస్తున్నప్పుడు ఒక పత్రికకు వ్యాసం రాస్తూ ఇదే బొమ్మ పంపాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడు కార్డు రాశాడు. వెంటనే దిద్దుబాటు పంపాను గానీ ఆ పత్రిక వెయ్యలేదు. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, నా పేరు మీద ఆ తప్పు అలాగే ఉండిపోయింది. ఆ వ్యాసం చదివిన పిల్లలు ఎంతమంది దాన్నే నిజమనుకుని పెద్దవాళ్ళయ్యారోనని ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. అందుకే నీకింత పెద్ద ఉత్తరం.

బొమ్మ దొరకగానే వాడెయ్యకు. దాన్ని ఇమేజ్ సెర్చ్‌లో వేసి, ఆ వస్తువు ఏ మ్యూజియంలో ఉందో ఆ మ్యూజియం పేజీ దాకా వెళ్ళు. బొమ్మే సరిచూసుకోని సైటు మాటను సరిచూసుకుని ఉంటుందా? ఇక చదివే ప్రతి వాక్యాన్నీ ఒక్కటే అడుగు: 'ఇది నీకెలా తెలుసు?' రాతి మీద ఉందా, పుస్తకంలో ఉందా, ఎముకల్లో తేలిందా, బతికున్న మనిషి చెప్పాడా? ఈ నాలుగింటిలో దేని దగ్గరికీ తీసుకెళ్ళని పేజీని పక్కన పెట్టేయ్.

రెండో పేజీలో మాయా వాళ్ళు మన మయాసురుడి వంశమేనని రాశావు. ఇది మన తెలుగు వాళ్ళ ఫోన్లలో బాగా తిరిగే ఫార్వర్డే. నన్నయ గారి సభాపర్వంలో మయసభ చదివి పెరిగినవాణ్ణి, మయుడంటే నాకూ ఇష్టమే. సూర్యసిద్ధాంతం మొదట్లో ఆ జ్ఞానం అందుకున్నది మయాసురుడే అని ఉన్న మాటా నిజమే. కానీ పేరు కలిసినంత మాత్రాన వంశం కలవదు. టికాల్ వాళ్ళు తమ రాజ్యాన్ని ముతుల్ అన్నారు. ఇంకో మాయా నగరం పలెంకే వాళ్ళు తమ ఊరిని లకమ్‌హా అన్నారు, 'పెద్ద నీళ్ళు' అని అర్థం. 'మాయా' అనేది మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పం వైపు మాట. ఈ జనాలందరికీ కలిపి ఆ పేరు పెట్టింది తర్వాతి వాళ్ళు. రెండు భాషలకు చుట్టరికం ఉందో లేదో తెలియాలంటే ఒక్క మాట పట్టుకుంటే సరిపోదు, అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. యుకతాన్ మాయా భాషలో ఒకటి నుంచి ఐదు దాకా హున్, కా, ఓష్, కన్, హో. ఏకం, ద్వే, త్రీణి, చత్వారి, పంచ పక్కన పెట్టి పైకి చదువు, నీకే తెలుస్తుంది.

ఆ ఫార్వర్డులో కాస్త ఆలోచించాల్సిన ముక్క ఒకటుంది. కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102లో, మాయా దీర్ఘ గణన (ఒక మొదటి రోజు నుంచి రోజులను వరసగా లెక్కపెట్టే పద్ధతి) మొదలైంది క్రీ.పూ. 3114లో, ఇంత దగ్గరగా ఉన్నాయంటే రెండూ ఒక్కటే అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. తర్వాత కూర్చుని చూశాను. దీర్ఘ గణనతో తేదీ చెక్కిన శాసనాల్లో మనకు దొరికిన పాతవి క్రీ.పూ. ఒకటో శతాబ్దానివి. అంటే లెక్క మొదలయ్యే రోజుకీ, ఆ లెక్క మొదటిసారి రాతి మీద కనబడిన రోజుకీ మధ్య మూడు వేల ఏళ్ళు. ఆ మొదటి రోజున ఎవరో కూర్చుని రాసుకున్నది కాదు, తర్వాతి పండితులు వెనక్కి లెక్కగట్టుకున్న రోజు. మన దగ్గరా అంతే. కలిలో 3600 ఏళ్ళు గడిచేసరికి తనకు 23 ఏళ్ళని ఆర్యభటుడు చెప్పుకున్నాడు, అది క్రీ.శ. 499. మనవాళ్ళు గ్రహాల నడక పట్టుకుని వెనక్కి వెళ్ళారు. వాళ్ళు ఇరవైల లెక్కన రోజులు పేర్చుకుని వెళ్ళారు. ఇంకో మాట, ఆ రెండు తేదీల మధ్య తేడా పదకొండున్నర ఏళ్ళు, అంటే నాలుగు వేల పైచిలుకు రోజులు. ఒక్క రోజు కూడా పోకుండా లెక్క పెట్టిన జనం నాలుగు వేల రోజులు పొరబడ్డారనడం వాళ్ళకు అన్యాయం కాదా?

2012 ముచ్చట కూడా ఈ లెక్కలోదే. 1,44,000 రోజులు ఒక బక్తున్. పదమూడు బక్తున్‌లు నిండిన రోజు 2012 డిసెంబర్ 21. ఆ రోజును పేర్కొన్న శాసనాలు చాలా తక్కువ. అందులో పేరున్నది మెక్సికోలోని టోర్టుగెరో అనే చోట దొరికిన ఆరో శిల. అందులో ఆ భాగం దెబ్బతిని ఉంది, చదవగలిగినంత మేరా ప్రపంచం అంతమన్న మాట లేదు. పలెంకేలో పకాల్ రాజు గుడిలో ఉన్న శాసనమైతే క్రీ.శ. 4772 దాకా వెళ్ళి, ఆ రాజు పట్టాభిషేకాన్ని ఆ కాలానికి ముడిపెట్టింది. 2012తో అంతా అయిపోతుందనుకున్న వాళ్ళు ఆ రాత రాయిస్తారా? ఇది చూపించు నీ వీడియోలో. భయపెట్టే మాటకన్నా ఇదే జనానికి గుర్తుంటుంది.

ఇక మతం సంగతి. ఇక్కడే చాలా జాగ్రత్త కావాలి. మాయా దేవతల గురించీ పూజల గురించీ ఎవరు రాసినా తిరిగి తిరిగి డియేగో దె లాండా దగ్గరికే వస్తారు. ఆయన స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదరీ. 1562లో మానీ అనే ఊళ్ళో మాయా పుస్తకాలు రాశి పోసి కాల్పించాడు. ఆ పని చూసి అక్కడి వాళ్ళు ఎంత కుమిలిపోయారో తనే రాశాడు. జనాన్ని హింసించాడన్న ఫిర్యాదుల మీద స్పెయిన్ వెళ్ళి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే, 1566 ప్రాంతంలో, యుకతాన్ సంగతులన్నీ రాసిపెట్టాడు. వాళ్ళది సైతాను పూజ అని నిరూపించుకోవలసిన అవసరం ఉన్న మనిషి రాత అది. 'లాండా ఇలా రాశాడు' అని చెప్పే పేజీ ఫరవాలేదు. లాండా మాటను ఆయన పేరు లేకుండా నిజమని వడ్డించే పేజీని నమ్మకు.

అలాగని లాండాను పారెయ్యకు. మాయా లిపి చదవడానికి తాళంచెవి దొరికింది ఆయన దగ్గరే. తనకు సాయం చేసే మాయా మనిషిని కూర్చోబెట్టి అక్షరాలు రాయమన్నాడు. స్పానిష్‌లో 'బి' అక్షరాన్ని 'బే' అని పలుకుతారు. ఆ మనిషికి 'బే' అంటే బాట, అందుకని బాట మీద అడుగుజాడ బొమ్మ గీశాడు. లాండా అడిగింది అక్షరం, అతను ఇచ్చింది గుణింతంలో ఒక ముక్క. మన తెలుగు వాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. క, కి, కు అని ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు. ఒక వాక్యం రాయమంటే అతను రాసింది ఏమిటో తెలుసా? 'మా ఇన్ కాతి.' అంటే 'నాకు ఇష్టం లేదు' అని. నాలుగున్నర వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ మనిషి విసుగు ఆ కాగితం మీద అలాగే ఉంది. ఆ చోటు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరోజోవ్ ఈ గుణింతం సంగతి పట్టుకున్నాడు. 1960లో తతియానా ప్రొస్కురియాకోవా, మాయా శిలల మీద ఉన్నవి రాజుల పుట్టుకలూ పట్టాభిషేకాలూ అని చూపించింది. అంతకు ముందు పెద్దపెద్ద పండితులు కూడా మాయా వాళ్ళు యుద్ధాలెరుగని నక్షత్ర పూజారులని అనుకునేవారు. అందుకే పేజీ తెరవగానే అసలు సమాచారం ఏ సంవత్సరానిదో వెతుకు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పుస్తకాల్లో చాలావాటికి కాపీరైటు తీరిపోయింది, అంటే లిపి చదవడం రాకముందు రాసినవి. చూడ్డానికి పాత అట్ట, లాటిన్ మాటలు, గంభీరంగా ఉంటాయి. లాండా రాతప్రతిని వెతికి 1864లో అచ్చు వేసిన బ్రాసర్ దె బుర్‌బూర్ అనే ఫ్రెంచి ఫాదరీ, ఆ 'అక్షరమాల'తోనే మాద్రిద్‌లోని మాయా పుస్తకాన్ని చదవబోయి, లేని 'ము' అనే మాట చదివాడు. సముద్రంలో మునిగిపోయిన 'ము' దేశం కథ ఆ తప్పుడు చదువులో పుట్టిందే. నీ స్క్రిప్టు నాలుగో పేజీలో ఆ దేశం ఉంది, కొట్టేశాను.

పోపోల్ వుహ్ గురించి రాసింది బాగుంది, ఒక్కటి చేర్చు. అది గ్వాటెమాలా కొండల్లోని కిచే అనే మాయా జనం పురాణకథల పుస్తకం. స్పెయిన్ వాళ్ళు వచ్చిన తర్వాత లాటిన్ అక్షరాల్లో రాసుకున్నారు. ఇప్పుడు మిగిలింది 1700 తర్వాత ఫాదరీ హిమేనెస్ ఎత్తి రాసిన ప్రతి, షికాగోలో న్యూబెరీ లైబ్రరీలో ఉంది. కాబట్టి 'మాయా వాళ్ళ వేదం' అని ఒక్క మాటలో తేల్చెయ్యకు. వెయ్యేళ్ళ ముందు టికాల్ వాళ్ళూ అదే నమ్మారని ఊరికే అనకు. కవలల కథ, మొక్కజొన్న దేవుడి కథ పాత కుండల మీదా గోడల మీదా కనబడతాయి, అవి కనబడినంత వరకే చెప్పు. అనువాదం చదివితే అది కిచే భాష నుంచి నేరుగా చేసిందో, స్పానిష్ మీదుగా వచ్చిందో ముందుమాటలో చూడు.

నరబలి విషయంలో రెండు రకాల పేజీలు ఎదురవుతాయి. రక్తం చిమ్మే బొమ్మలతో ఊదరగొట్టేవి కొన్ని, అసలు అలాంటిదేమీ లేదని కొట్టిపారేసేవి కొన్ని. రెండూ వద్దు. యుకతాన్‌లోని మాయా నగరం చిచెన్ ఇత్సాలో పవిత్ర నీటిగుండంలోకి కన్యలను తోసేవారని పాత పుస్తకాలన్నీ రాశాయి. ఆ గుండం పక్కనే 1967లో ఒక భూగర్భపు తొట్టెలో పిల్లల ఎముకలు దొరికాయి. వాటిలో 64 మంది డీఎన్ఏ పరీక్షించి 2024లో ఫలితాలు అచ్చు వేశారు. అందరూ మగపిల్లలే, అందులో రెండు జతలు ఒకేలాంటి కవలలు. ఒక్క పరీక్షతో ఎన్ని పేజీలు పాతబడ్డాయో చూడు. అయినా వాళ్ళు చిన్నపిల్లలమ్మా. వ్యూస్ కోసం ఆ ముక్క మీద భయంకరమైన మ్యూజిక్ పెట్టకు.

ఇంకొకటి. 'మాయా వాళ్ళు మాయమైపోయారు' అనే వాక్యం కనబడితే ఆ పేజీ మూసెయ్. సుమారు 30 మాయా భాషలు ఇవాళ్టికీ మాట్లాడుతున్నారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న రిగోబెర్తా మెన్చూ కిచే మాయా మనిషి. గ్వాటెమాలా కొండ ఊళ్ళలో 260 రోజుల పంచాంగం లెక్కపెట్టి మంచి చెడు చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ మతం గురించి చెబుతూ వాళ్ళలో ఒక్కరి మాట కూడా లేని సైటు మీద నాకు గురి కుదరదు.

అడవిలో కొత్త నగరం దొరికిందన్న వార్తలు కూడా వాడావు. 2016లో కెనడాలో ఒక స్కూలు పిల్లాడు నక్షత్రాల పటం చూసి మాయా నగరం కనిపెట్టాడని ప్రపంచమంతా వేసింది. శాటిలైట్ ఫోటోలో కనబడిన చదరం బీడుపడ్డ పొలం కావచ్చని ఆ ప్రాంతం తెలిసిన పరిశోధకులు వెంటనే చెప్పారు. ఆ జవాబు మాత్రం అంత దూరం వెళ్ళలేదు. 2018లో విమానం నుంచి లేజర్ కాంతి పంపి నేలను కొలిచే లైడార్‌తో ఉత్తర గ్వాటెమాలాలో 60,000కు పైగా కట్టడాలు గుర్తించిన మాట నిజం. కానీ ఇంటి అరుగు కూడా ఆ లెక్కలో ఒకటే, వాటిని 60,000 భవనాలు అనకు.

ఏఐని అడిగితే చెప్పే పుస్తకాల పేర్లు తెరిచి చూసేదాకా నమ్మకు. అది గీసిన మాయా లిపి బొమ్మలు అసలే వద్దు. నిజమైన శాసనాన్ని రెండేసి నిలువు వరసలు జతగా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి చదువుతారు. ఏఐ బొమ్మల్లో ఉత్త గీతలే. అసలు వస్తువులు కావాలంటే డ్రెస్డెన్ లైబ్రరీ తన దగ్గరున్న మాయా పుస్తకాన్ని పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టింది. హార్వర్డ్ పీబాడీ మ్యూజియం వాళ్ళు శాసనాల ఫోటోలూ గీతచిత్రాలూ పెట్టారు. మనవాళ్ళు తడి కాగితం అద్ది శాసనానికి అచ్చు తీసినట్టే, వాళ్ళూ ఒక్కో గీతా చూసి గీశారు.

ఆ ఆజ్టెక్ రాయి తీసేసి ఏం పెట్టాలని అడుగుతావు కదా? గ్వాటెమాలాలో రియో అసుల్ అనే చోట 1984లో ఒక సమాధిలో దొరికిన కుండ బొమ్మ పెట్టు. తిప్పితే బిగుసుకునే మూత, దాని మీద పిడి, ఒంటి చుట్టూ రంగు అక్షరాలు. అందులో ఒక గుర్తును 'కకావ్' అని చదివారు, కోకో అన్నమాట. లోపల అంటుకున్న మడ్డిని ల్యాబ్‌లో పరీక్షిస్తే కోకోయే అని తేలింది. లిపి చదివిన వాళ్ళదీ, మడ్డి పరీక్షించిన వాళ్ళదీ ఒకే మాట అయింది. మూత వేరుగా, కుండ వేరుగా కనబడే ఫోటో దొరికితే అదే తీసుకో, ఎవరు తీశారో కింద రాయి.

దిద్దిన కాగితాలు ఫోటో తీసి మీ నాన్న ఫోన్‌కి పంపుతున్నాను. రెండో ప్రతి అయ్యాక రికార్డింగ్‌కి ముందే పంపు, రాత్రి తొమ్మిది దాటినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న