తాతగారి యాషికాను ఎవరి చేతిలో పెట్టాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మా నాన్నగారు 1974లో కొన్న రీలు కెమెరా, యాషికా మ్యాట్ 124జి, నీ బల్ల మీద కనిపించగానే కాసేపు వేరే పని చేయలేకపోయాను. మచిలీపట్నంలో మా స్టూడియో నడిచినన్నాళ్లూ ఇంట్లో అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకున్న వస్తువు అదే. దాన్ని మళ్లీ వాడాలని నీకు అనిపించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే ఈ శనివారం దగ్గర్లో ఉన్న ఏదో ఒక కెమెరా షాపులో ఇచ్చేస్తానని రాశావు. కొన్నాళ్లు ఆగమని చెప్పడానికే ఈ ఉత్తరం.

మెకానిక్‌ను వెతకడానికి ముందు, కెమెరాకు వచ్చిన జబ్బు ఏమిటో నీకు కొంతైనా తెలిసి ఉండాలి. "పని చేయడం లేదు, చూడండి" అని బల్ల మీద పెడితే, అవతలివాడు చెప్పినదల్లా నమ్మవలసి వస్తుంది. ఫిల్మ్ లేకుండా వెనుక తలుపు తెరిచి, పక్కనున్న క్రాంక్ పిడిని తిప్పి, షట్టర్‌ను, అంటే లెన్సులోంచి వెలుగును లోపలికి వదిలి ఆపే రెక్కలను, ఒక సెకను దగ్గర పెట్టి నొక్కు. లోపల సన్నని పళ్లచక్రం తిరిగిన చప్పుడు ఆగకుండా వినిపించి, రెక్కలు మూసుకోవాలి. మధ్యలో నత్తినత్తిగా ఆగితే, లేదా తెరుచుకున్నవి అలాగే ఉండిపోతే, నిదాన వేగాలను నడిపే భాగంలో పాత గ్రీజు గట్టిపడిందన్నమాట. యాభై ఏళ్ల కెమెరాలో అది మామూలు జబ్బే, నయమయ్యేదే. తర్వాత వేగాన్ని బల్బు దగ్గర, అంటే నొక్కినంతసేపూ రెక్కలు తెరుచుకుని ఉండే గుర్తు దగ్గర పెట్టి, రెక్కలు తెరిచి ఉంచి, వెనుక నుంచి టార్చి వేసి లెన్సులోకి చూడు. సాలెగూడులా పాకిన పోగులు కనిపిస్తే ఫంగస్, పలుచని పాలపొరలా కనిపిస్తే లోపలి నూనె ఆవిరై అద్దాల మీద పేరుకున్న మసక. రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకు. క్రాంక్ బిగుసుకుపోతే బలవంతంగా తిప్పకు. సెల్ఫ్ టైమర్ మీటను అసలు ముట్టుకోకు. ఇన్నేళ్లు కదలని టైమర్ సగంలో ఆగితే దానితోపాటు షట్టర్ కూడా చిక్కుకుపోతుంది.

కంపెనీ సర్వీస్ సెంటర్ గురించి అడిగావు. యాషికాను 1983లో క్యోసెరా సంస్థ తనలో కలుపుకుంది, 2005లో ఆ సంస్థ కెమెరాల తయారీ నుంచే తప్పుకుంది. కాబట్టి నీకు కావలసింది కంపెనీ కాదు, ఈ తరహా షట్టర్‌ను విప్పి మళ్లీ బిగించిన అనుభవం ఉన్న ఒక మనిషి. అటువంటివారు ఇప్పుడు చాలా తక్కువమంది. చాలామంది బోర్డు పెట్టుకోకుండా, ఇంట్లోనో ఏదైనా షాపు వెనుక గదిలోనో పని చేస్తుంటారు. అందుకే షాపులవాళ్లను కాదు, రీలు కెమెరాలు వాడుతున్నవాళ్లను అడగాలి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ కోర్సు ఉంది. అక్కడి అధ్యాపకులను, విద్యార్థులను కలిసి వాళ్ల సొంత కెమెరాలు ఎక్కడ బాగు చేయించుకున్నారో కనుక్కో. కోఠి ప్రాంతంలో ఏళ్ల తరబడి కెమెరాలు అమ్మినవాళ్లను, రిటైరైన స్టూడియో యజమానులను, ఒకప్పుడు పత్రికల్లో పని చేసిన ఫొటోగ్రాఫర్లను అడుగు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ముగ్గురు ఒకే మనిషి పేరు చెబితే, ఆ పేరు రాసి పెట్టుకో. హైదరాబాద్‌లో దొరకకపోతే ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌదరి మార్కెట్‌లోనూ, కోల్‌కతా ధర్మతలలోని మెట్రో గల్లీలోనూ విచారించవచ్చు. దూరమని వెనుకాడవద్దు. పొరుగు వీధిలో తెలియని చేతికి ఇవ్వడం కంటే, తెలిసిన చేతికి వెయ్యి మైళ్లు పంపడం మేలని నా అనుభవం.

మనిషి దొరికాక మొదటిసారి ఉత్త చేతులతో వెళ్లు. కెమెరా ఇంట్లోనే ఉండనీ. ఆయన బాగు చేసిన వేరే కెమెరా ఒకటి చూపించమని మర్యాదగా అడిగి, దాని స్క్రూల తలలను పరిశీలించు. జపాన్ కెమెరాల ప్లస్ గాడి స్క్రూలు వాళ్ల జేఐఎస్ ప్రమాణం ప్రకారం చేసినవి. మన బజార్లో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన ఆ గాడిలో పూర్తిగా దిగదు, పైపైన తిరిగి అంచులను కొరికేస్తుంది. తలలు అరిగి, తళతళమని లోహం బయటపడి ఉంటే ఆ చేతికి తగిన పనిముట్టు లేదని అర్థం. అలాగే లెన్సు చుట్టూ ఉండే రింగుకు రెండు చిన్న గాట్లు ఉంటాయి. వాటిని తిప్పడానికి రెండు మొనలున్న స్పానర్ వాడాలి. కొందరు డివైడర్ మొనతోనో కత్తెర కొసతోనో తిప్పుతారు. అది జారినప్పుడు పడిన గీతలు ఆ గాట్ల పక్కన శాశ్వతంగా ఉండిపోతాయి. నేను ఎవరి పనితనాన్నైనా ముందుగా ఈ రెండు చోట్ల చూసే తెలుసుకుంటాను, మాటలు ఆ తర్వాతే వింటాను.

మాటల్లో కూడా వినవలసినవి ఉన్నాయి. మంచి మెకానిక్ నిన్ను ప్రశ్నలు అడుగుతాడు. చివరిసారి ఎప్పుడు వాడారు, ఇంతకు ముందు ఎవరైనా విప్పారా, ఎక్కడ దాచారు, సముద్రం దగ్గరా అని అడుగుతాడు. కెమెరా చేతికిస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఒక సెకను, అర సెకను నొక్కి వింటాడు. షట్టర్ వేగాలను దేనితో కొలుస్తారని అడిగితే తన టెస్టర్ చూపిస్తాడు. అంతకంటే ముఖ్యమైనది, తాను చేయనివి ఏమిటో చెబుతాడు. "మెకానికల్ కెమెరాలే చేస్తాను, ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్నవి ముట్టుకోను" అన్న మనిషిని నేను వెంటనే నమ్ముతాను. ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు విద్యలు. నీ 124జిలో షట్టర్ అంతా స్ప్రింగులు, పళ్లచక్రాలు. అదే యాషికా కంపెనీ ఎలెక్ట్రో 35లో షట్టర్‌ను నడిపేది విద్యుత్ సర్క్యూట్. ఒకటి వచ్చినవారికి రెండోది రావాలని లేదు. అన్ని కెమెరాలూ చేస్తాను, రేపటికల్లా ఇస్తాను, కొత్తదానిలా చేస్తాను అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. స్టూడియోలో మాకు ఇలాంటిదే రెండో కెమెరా ఉండేది. ఒక వేసవిలో దాని నిదాన వేగాలు మొరాయిస్తే, పెళ్లిళ్ల తొందరలో, నేను మా ఊళ్లోనే ఒక రిపేరు షాపులో ఇచ్చాను. అతడు మర్నాడే తిరిగి ఇచ్చాడు. షట్టర్ వెన్నలా నడిచింది, ఎంతో మెచ్చుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు రెక్కలు అతుక్కుని, ఆలస్యంగా మూసుకోవడం మొదలుపెట్టాయి. నాకు ఆ సంగతి నెగిటివ్‌లు కడిగాక గాని తెలియలేదు. అన్నీ నల్లగా మాడిపోయాయి. అతడు పాత గ్రీజు శుభ్రం చేయకుండా, విప్పకుండా, సందుల్లోంచి కుట్టుమిషన్ నూనె వేశాడు. ఇలాంటి రెక్కల షట్టర్‌ను లీఫ్ షట్టర్ అంటారు, దాని రెక్కలు ఎప్పుడూ పొడిగా ఉండాలి. నూనె చక్రాల ఇరుసులకు, అదీ సూదిమొనంత మాత్రమే. ఆ పెళ్లివారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఆ క్షణం వాళ్లకు మళ్లీ తెచ్చి ఇవ్వలేకపోయాను. అందుకే "నూనె వేస్తే సరిపోతుంది" అన్న మాట ఎవరి నోట విన్నా, కెమెరా సంచిలో పెట్టుకుని బయటికి వచ్చెయ్యి. పూర్తిగా విప్పి, కడిగి, తగిన చోట మాత్రమే నూనె వేసి, వేగాలు సరిచేయడాన్నే సర్వీసింగ్ అంటారు.

ఫంగస్ విషయంలో నిజం చెప్పేవాడినే ఎంచుకో. మన కోస్తా తేమలో పెరిగిన లెన్సు కాబట్టి కొంత ఉండే ఉంటుంది. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది. లెన్సు అద్దం మీది పలుచని పూతను, అంటే కోటింగును తినేసి ఉంటే, శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ వల్ల ఫొటోకు పెద్ద నష్టం లేదు, ఎండకు ఎదురుగా తీసినప్పుడు కాస్త వెలవెలబోతుందంతే. మచ్చ కూడా పోగొడతానని పాలిష్ చేయడానికి మాత్రం ఎవరినీ అనుమతించకు.

ఇచ్చేటప్పుడు రశీదు మీద సీరియల్ నంబరు, చేయవలసిన పని, ఒప్పుకున్న మొత్తం, గడువు రాయించు. అన్ని వైపులా ఫొటోలు తీసుకో. అనుకున్నదానికంటే ఎక్కువ పని తేలితే ముందు నీకు ఫోన్ చేయాలని, మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని చెప్పు. రేటు దగ్గర మరీ గీచి గీచి బేరమాడకు. రెండు మూడు రోజులు కళ్లు చిట్లించి చేసే పని అది. పార్సిల్‌లో పంపవలసి వస్తే ఫిల్మ్, బ్యాటరీ తీసేసి, విలువ ప్రకటించి బీమా చేయించు. తోలు కేసు పంపవద్దు, ఇంట్లో కూడా కెమెరాను అందులో ఉంచవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు అదే పుట్టిల్లు.

లైట్ మీటర్ కదలడం లేదని బెంగపడ్డావు. అది ఆ కెమెరాకు ప్రాణం కాదు, మీటర్ లేకపోయినా షట్టర్ నడుస్తుంది. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తయారైనది. పాదరసం ప్రమాదమని అవి ఇప్పుడు తయారు చేయడం లేదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే రీడింగ్ తప్పు చూపిస్తుంది. వినికిడి యంత్రాల షాపులో దొరికే 675 నంబరు జింక్ ఎయిర్ సెల్ దాదాపు 1.4 వోల్టులు ఇస్తుంది. చుట్టూ చిన్న రింగు పెట్టి అది వేసి చూసి, అప్పటికీ ముల్లు కదలకపోతేనే మెకానిక్‌కు చెప్పు.

తిరిగి వచ్చిన వారంలోనే ఒక నలుపు తెలుపు రీలు పరీక్షకు వాడు. ఈ కెమెరాలో చూసే లెన్సు వేరు, ఫొటో తీసే లెన్సు వేరు. విప్పి బిగించినప్పుడు ఆ రెండింటి ఫోకస్ తేడా రావడం తరచూ జరిగే పొరపాటు. ఒక కొలత టేపును బల్ల మీద ఏటవాలుగా పరిచి, అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, 3.5 దగ్గర పెట్టి, యాభై సెంటీమీటర్ల గీత మీద ఫోకస్ చేసి, స్టాండు మీద నుంచి రెండు ఫొటోలు తీయి. నెగిటివ్‌లో పదునుగా ఉన్న గీత అదే కావాలి. తర్వాత వెలుతురు మారని వేళ చూసి, ఒకే గోడను 1/30 వద్ద 16, 1/60 వద్ద 11, 1/125 వద్ద 8, 1/250 వద్ద 5.6, 1/500 వద్ద 4 అపెర్చర్‌తో తీయి. ఫిల్మ్ మీద పడే వెలుగు అన్నింటిలో ఒకటే కాబట్టి అయిదు నెగిటివ్‌లూ ఒకే చిక్కదనంతో రావాలి. 1/500 ఒక్కటి రవ్వంత నల్లగా వస్తే ఫరవాలేదు, పాత స్ప్రింగు అంతే లాగుతుంది. వేరే వేగాల్లో తేడా కనిపిస్తే కోప్పడకుండా నెగిటివ్‌లు తీసుకువెళ్లి ఆయనకే చూపించు. మంచి పనివాడు వాటిని వెలుగుకు ఎత్తి చూసి, ఇంకేమీ అడగకుండా కెమెరాను మళ్లీ పనికి తీసుకుంటాడు.

మిగిలిన అయిదు ఫ్రేములతో మీ అమ్మను తీయి, కిటికీ పక్కన కూర్చోబెట్టి. ప్రింట్లు వేయించవద్దు. నెగిటివ్‌లు మూడేసి ఫ్రేములుగా కత్తిరించి, బటర్ పేపర్‌లో పెట్టి నాకు పంపు. నాన్నగారి లెన్సు హుడ్ నా బీరువాలో భద్రంగా ఉంది, దసరాకు వచ్చినప్పుడు నీకు అప్పగిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య