వీసీ మాట ఇచ్చారు... పర్మనెంట్ కోసం కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 9 ఏళ్లు పార్ట్‌టైమ్ అధ్యాపకురాలిగా పనిచేశాను. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. అప్పటి వీసీ గారు మీటింగులో అందరి ముందే ‘నిన్ను పర్మనెంట్ చేస్తా’ అన్నారు. కొత్త వీసీ వచ్చాక, 2 సంవత్సరాల 8 నెలల కింద, రేపటి నుంచి రావొద్దని నోటిమాటగా చెప్పేశారు. చివరి 4 నెలల జీతమూ ఇవ్వలేదు. నాలుగుసార్లు దరఖాస్తు ఇచ్చినా ఉలుకూ పలుకూ లేదు. అందినట్టు నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర ఒక్కసారీ వేయించుకోలేదు. పాత తేదీతో నియామక ఉత్తర్వు ఇప్పిస్తానని తెలిసినాయన ఒకరు అంటున్నారు. పర్మనెంట్ కోసం కేసు వేయొచ్చా?

జవాబు: వీసీ గారు ఎందరి ముందు చెప్పినా ఆ మాటతో కేసు నిలబడదు. మీరు పనిచేసింది ఆయన దగ్గర కాదు, విశ్వవిద్యాలయం దగ్గర. ఉస్మానియా, నల్లగొండ మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయాలన్నీ 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కిందే నడుస్తాయి. ఆ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయం దానికదే ఒక చట్టబద్ధ వ్యక్తి. వీసీ పదవీకాలం 3 ఏళ్లు. ఆయన వెళ్లిపోయినా సంస్థ ఉంటుంది. నియామకాల్లో ఆ సంస్థ నిర్ణయమంటే పాలకమండలి తీర్మానం, దాని మీద వెలువడ్డ ఉత్తర్వు. మీరు పడ్డ కష్టం రాశారు, ఒక్క ఉత్తర్వు నంబరు రాయలేదు. కేసును తేల్చేది అదే.

పర్మనెంట్ మీద ఆశ పెట్టుకోకండి. సరైన ఎంపిక లేకుండా చేరినవారిని ఏళ్లు గడిచాయని క్రమబద్ధీకరించలేమని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వోద్యోగులను ఇష్టమొచ్చినట్టు తీసేయకుండా రాజ్యాంగం 311వ అధికరణ ఇచ్చే రక్షణ కూడా మీకు రాదు. అయితే మళ్లీ తాత్కాలికంగానైనా చేరడానికి ఒక దారి ఉంది. తాత్కాలిక ఉద్యోగిని తీసి ఆ చోట మరో తాత్కాలిక ఉద్యోగిని పెట్టకూడదని 1992లో పియారా సింగ్ కేసులో అదే కోర్టు అన్నది. విశ్వవిద్యాలయం 12వ అధికరణ కింద ‘రాజ్యం’, అంటే ప్రభుత్వ సంస్థ కిందే లెక్క కాబట్టి 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. మీ క్లాసులు ఇప్పుడు ఎవరు చెబుతున్నారు, ఏ పద్ధతిలో తీసుకున్నారు, మీ తొలగింపు మీద తీర్మానం ఉందా అని సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రిట్‌కు నిర్ణీత గడువు లేదు గానీ ఇంత ఆలస్యం ఎందుకైందని కోర్టు అడుగుతుంది.

జీతానికి మాత్రం గడువు ఉంది. ఏ నెల జీతమైనా రావలసిన నాటి నుంచి 3 ఏళ్లే. మీ లెక్క ప్రకారం మొదటి నెల జీతానికి మిగిలింది ఇంచుమించు నెల రోజులు. దరఖాస్తులు పెట్టుకుంటూ పోతే గడువు పెరగదు. పైగా నాలుగు దరఖాస్తులిచ్చి ఒక్కదాని నకలు మీదా ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోలేదని మీరే రాశారు. హాల్‌టికెట్ లేకుండా వచ్చిన పిల్లవాణ్ణి మీరు పరీక్షకు కూర్చోనిచ్చేవారా? చదువు చెప్పినవారు ఇంత నిర్లక్ష్యంగా ఉంటే ఎలా?

పాత తేదీ ఉత్తర్వు జోలికి అస్సలు పోవద్దు. ప్రతి ఉత్తర్వుకూ డిస్పాచ్ రిజిస్టరులో వరుస సంఖ్య ఉంటుంది. మీ కాగితం అందులో లేదని తేలిన రోజు కేసు పోతుంది, మీ మీద భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ కేసు పడుతుంది. ఇప్పిస్తానన్నాయన ఆ రోజు కనబడడు.

మీ దగ్గర నిజమైన సాక్ష్యం ఉండే ఉంటుంది. విభాగాధిపతి సంతకం ఉన్న టైంటేబుల్, ఇన్విజిలేషన్ ఆర్డర్లు, స్పాట్ వాల్యుయేషన్ బిల్లులు వెతకండి. పాస్‌బుక్కులో విశ్వవిద్యాలయం ఖాతా నుంచి నెలనెలా జమైన పద్దులు అన్నిటికన్నా గట్టివి. జీతం దావా వేయడానికి సమాచార హక్కు జవాబు కోసం ఆగకండి. ప్రతివాదిగా వీసీ పేరు కాదు, ‘విశ్వవిద్యాలయం, రిజిస్ట్రార్ ద్వారా’ అని రాయించండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఈ వారంలోనే పాస్‌బుక్కు పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి.